గళ్ళ చొక్కా

మా అత్తగారు చొక్కా గుండీ పట్టుకుని లాగారంటే బాత్రూమ్‌కి వెళ్ళాలని. జేబు తడితే ఆకలి. చొక్కా చెయ్యి నలిపితే ఎక్కడో నొప్పి. చొక్కా మా ఆయనది, పాత గళ్ళది. తొడుక్కునేది మాత్రం నేను, ఆవిడకి స్నానం చేయిస్తుంటే నైటీ తడవకుండా. మతిమరుపు జబ్బు ఆవిడ మాటలన్నీ పట్టుకుపోయాక, ఒకరోజు బట్టలు తడుపుకునే ముందు ఆవిడ వేళ్ళు నా గుండీ కోసం తడుముకోవడం గమనించాను. అప్పట్నుంచి గుండీ లాగినప్పుడల్లా బాత్రూమ్‌కి పరుగెత్తించాను. అన్నం పెట్టే ముందు ఆవిడ చెయ్యి తీసి జేబు మీద వేయడం నేనే అలవాటు చేశాను. అలా మా ఇద్దరికీ ఒక భాష కుదిరింది.

ఆవిడ నోరు బాగున్న రోజుల్లో నాకు దక్కినవి తక్కువేం కాదు. మా ఆయన ఒకసారి తిన్న కంచం తీయబోతే లాక్కుని నా చేతిలో పెట్టారు. "మగపిల్లాడు. పెట్టి పుట్టాడు, పనులు చెయ్యడానికి కాదు," అన్నారు. ఆ పెట్టి పుట్టినాయన ఇప్పుడు తల్లి గదిలోకి తొంగిచూసి, ముక్కు మూసుకుని, "అమ్మ ఏమంటోంది?" అని నన్నడిగి వెళ్ళిపోతాడు. నేను కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్ష చేస్తాను. ఆవిడ కోసం పెట్టిన సెలవు అయిపోవస్తోందని గుర్తుచేస్తే, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా అన్నాడు.

"మీ షాపుకి నేనే ఫోన్ చేసి, ఇక రాదని చెప్పేశాన్లే. నీకసలే మొహమాటం కదా. అయినా అమ్మ భాష నీకొక్కదానికే వచ్చు."

ఒళ్ళు మండిపోయింది. ఈ ఇంట్లో నోరు పోయింది ఆవిడకా, నాకా? తలుపేసుకుని షాపు యజమానురాలికి ఫోన్ చేశాను.

"నీ నోట వినలేదమ్మా. అందుకే నీ కుర్చీ ఎవరికీ ఇవ్వలేదు. సోమవారం వచ్చెయ్," అందావిడ.

ఆ సాయంత్రం చొక్కా విప్పి కుర్చీకి తొడిగి, పక్కన నిలబడ్డాను. అత్తగారు నన్ను దాటుకుని వెళ్ళి కుర్చీ మీది గుండీ లాగారు. ఇంత చాకిరీ చేస్తే ఆవిడ గుర్తుపట్టింది నన్ను కాదు, కొడుకు చొక్కాని. ఇంకో రోజైతే ఏడ్చేదాన్ని. ఆ రోజు కడుపులోంచి నవ్వొచ్చింది. ఇక సోమవారం దాకా ఆవిడకి ఆ గుండీ, జేబు పాఠాలే మరింత శ్రద్ధగా, కసిగా నేర్పాను.

సోమవారం పొద్దున్నే మా ఆయన చొక్కాలన్నీ బకెట్లో నానబెట్టి, ఆ గళ్ళ చొక్కా ఒక్కటే ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టాను. సణుక్కుంటూ తొడుక్కుని హాల్లోకి వచ్చాడు. అత్తగారు లేచి, తిన్నగా వెళ్ళి గుండీ పట్టుకుని లాగారు.

"ఏమంటోందే?"

"బాత్రూమ్. తొందరగా తీసుకెళ్ళండి, ఎక్కువసేపు ఆగలేరు. జేబు తడితే ఆకలి, చొక్కా చెయ్యి నలిపితే నొప్పి."

"నేనా? నాకు ఆఫీసుంది."

ఆవిడ మళ్ళీ లాగారు. గుండీ ఊడొచ్చేలా ఉంది. నేను చెప్పులు తొడుక్కున్నాను.

"మీ ఆఫీసుకి నేనే ఫోన్ చేసి, నెల్లాళ్ళు రారని చెప్పేశాన్లెండి. మీకసలే మొహమాటం కదా."