జారిపోయిన క్రారవడి

చదవడం రానిదాన్ని ప్రెస్సులో ఎవరైనా పెట్టుకుంటారా? మూడు నెలలుగా రాజుగారి చెవిలో ఇల్లు కట్టుకుని ఇదే పోరుతున్నాను. పద్మారావు నగర్‌లో మా డిజిటల్ ప్రెస్సు ఆయనది. కొత్త ఆపరేటర్లకు మిషన్ నేర్పడం నా పని.

అక్సా లాలాగూడ పిల్ల. నాన్నది రైల్వే ఉద్యోగం కావడంతో చదువంతా మహారాష్ట్రలోని భుసావల్‌లో సాగింది. తెలుగు గలగలా మాట్లాడుతుంది, అక్షరం ముక్క రాదు. పనికి మాత్రం వంక పెట్టలేం. ఇరుక్కున్న కాగితాన్ని చిరగకుండా తీస్తుంది. టోనర్ మార్చినా నేల మీద పొడి రాలనివ్వదు. పొద్దున్నే రంగులు సరిచూడనిదే చాయ్ ముట్టదు. అయినా ఏం లాభం? మాకు వచ్చేవి ముప్పాతిక తెలుగు పనులే. ట్రైనింగ్ ఆఖరి రోజున రాజుగారు అడిగితే, "పంపించేయండి సార్" అని చెప్పేశాను.

"సాయంత్రం చూద్దాంలే కల్పలతా. ముందు ఆ పెళ్లికార్డులు కానివ్వు" అన్నారాయన.

కార్డులు ఎనిమిది వందలు. ముందురోజు డిజైనర్ తీసిచ్చిన ప్రూఫ్ మీద పెళ్లివారు సంతకం పెట్టి వెళ్లారు. మిషన్‌లోంచి తొలి కార్డు రాగానే వెలుతురులో పెట్టి చూశాను. రంగు బాగుంది. పైనుంచి కిందికి పొల్లుపోకుండా చదివి, "కానియ్" అన్నాను.

అక్సా బటన్ నొక్కలేదు.

"జెర ఆగుండ్రి అక్కా. ప్రూఫూ ఇదీ ఒక్క తీరుగ లేవు."

"ఏందీ, నేను చదివిన గద!"

"చదువుడు నాకు రాదు. బొమ్మ లెక్క చూస్తున్న. ప్రూఫ్‌ల ఈడ కొడవలి లెక్క ఒకటి ఉండె. దీన్ల లేదు."

ఆమె వేలు పెళ్లికూతురి పేరు మీద ఉంది. ఇంద్రజ కాస్తా 'ఇందజ' అయింది. క్రారవడి మాయం! మిషన్ కంప్యూటర్‌లో అదే ఫాంటు పాతది ఉండిపోయి ఒత్తును మింగేసింది. తెలిసిన పేరే కదా అని నా కళ్లు లేని ఒత్తును కూడా చదివేశాయి. ముందు గుండె ఝల్లుమంది, ఆ వెంటనే ప్రాణం కుదుటపడింది. ఇంకా ఒక్క కార్డే కదా దిగింది.

ఫాంటు మార్చాం. కార్డులన్నీ శుభ్రంగా వచ్చాయి. అక్సా ఎదురుగానే రాజుగారికి ఫోన్ చేశాను.

"సార్, పొద్దున నేను చెప్పింది తప్పు. పిల్లను ఉంచుకోండి."

"చదవడం రాదన్నావు కదమ్మా?"

"నాకొచ్చు గద సార్. నేనే చూడలే."

జరిగింది విని ఆయన నవ్వేశారు. "సరే, సోమవారం నుంచి పర్మనెంటని చెప్పు."

చెప్పాను. అక్సా కాగితం కట్టల మీద కూలబడి గట్టిగా ఊపిరి వదిలింది.

"పొద్దున మీరు సార్‌తోని అన్నది విన్న అక్కా. ఇంట్ల ఏం చెప్పాల్నో అని ఒకటే పరేషాన్."

నాకు తల కొట్టేసినట్టయింది. "విని సుత నన్నెందుకు ఆపినవే? తప్పు అట్లనే అచ్చయితే నా పరువే పోతుండె గద."

"తేడా కనబడితే ఎవరు చెప్పినా బటన్ నొక్కద్దని నేర్పింది మీరే గద అక్కా."

ఆ మాట ఎప్పుడన్నానో నాకే గుర్తు లేదు. సిగ్గేసింది. హాయిగానూ ఉంది.