బ్రోకర్ లేని బేరం

సెలూన్ నడిపే ఆయన్ని అందరూ రేడియో అంటారు. కత్తెర ఆగినా నోరు ఆగదు కాబట్టి ఆ పేరు న్యాయంగానే వచ్చింది. అలాంటి మనిషి, నోట్లో నువ్వుగింజ నానని మనిషి, ఒక్క విషయం మాత్రం చలికాలం నుంచీ భార్య దగ్గర దాచుకుని తిరుగుతున్నాడు. ఆవిడ కళ్ళు ఇక బాగుపడవనీ, చూపు కొద్దికొద్దిగా పూర్తిగా పోతుందనీ డాక్టర్ చెప్పాడు. ఆవిడ లోపల మందుచుక్కలు వేయించుకుంటుంటే, బయట వరండాలో ఆయన ఒక్కడికే చెప్పాడు. ఆవిడేమో ఆ చుక్కలతోనే నయమైపోతుందని నమ్మి, కిటికీ దగ్గర కూర్చుని బట్టలు కుట్టుకుంటోంది.

ఇల్లు అమ్మాలన్న ఆలోచన అక్కడే పుట్టింది. వంటగది కింద, పడకగది పైన, మధ్యలో నిటారుగా మెట్లు. చూపు లేని మనిషి ఆ మెట్ల మీద ఎలా తిరుగుతుందని ఆయన బెంగ. కంటి ఆసుపత్రి పక్కనే కింది అంతస్తులో ఒక ఫ్లాట్ చూసి బయానా ఇచ్చేశాడు. ఆసుపత్రి చూస్తే అనుమానిస్తుందని ఆవిణ్ణి అటువైపు తీసుకెళ్ళలేదు. నెలాఖరులోగా పాతిల్లు అమ్ముడుపోకపోతే ఆ ఫ్లాటూ పోతుంది, బయానా కూడా పోతుంది. భార్యతో మాత్రం "నా మోకాళ్ళు మెట్లెక్కనివ్వడం లేదే" అని అబద్ధమాడాడు. పిచ్చిది, రోజూ ఆ మోకాళ్ళకు నూనె రాస్తోంది.

గడ్డం గీయించుకోవడానికి వచ్చిన బ్రోకర్ "ఆ ఇల్లు నాకప్పగించు" అన్నాడు.

"నీ కమిషన్ నాకెందుకు దండగ? పొద్దస్తమానం మనుషుల్ని మాటలతో కూర్చోబెట్టేవాణ్ణి, ఒక్క ఇల్లు అమ్ముకోలేనా? నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది."

"ఇల్లు అమ్మేవాడికి నోరు మంచిదైతే చాలదయ్యా, అసలు ఉండకూడదు. కొనేవాడికీ నీకూ మధ్య అడ్డంగా నిలబడ్డానికే నాకు డబ్బులిచ్చేది" అన్నాడు బ్రోకర్ నురగ మూతితోనే.

రేడియో నవ్వేసి, ఆ సాయంత్రమే అద్దం మీద "ఇల్లు అమ్మబడును" అని కాగితం అంటించాడు. కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ అది చదివి, ఎందుకమ్ముతున్నారని అడిగేవాడు. అడిగితే చెప్పకుండా ఉండడం ఆయన ఒంట్లో లేదు. పైగా ఇంట్లో నోరు నొక్కుకుని బతికే మనిషికి ఆ దుకాణమే దిక్కయింది. భార్య కళ్ళ సంగతి, నెలాఖరు గడువు సంగతి, వానకు నెమ్మెక్కే వెనకగోడ సంగతి, అన్నీ చెప్పుకుని కళ్ళొత్తుకునేవాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందని తెలియనివాడు కాదు. ఊరంతా తిరిగే మాట తన ఇంటి గడప ఒక్కటీ తొక్కదని ఎలా అనుకున్నాడో ఆయనకే తెలియాలి.

ఇల్లు చూసేవాళ్ళు వేళాపాళా లేకుండా వచ్చేవారు. ఆవిడ కంచం ముందు నుంచి లేచి తలుపు తీసేది. "వంటగది ఇంత ఇరుకా, ఇందులో ఎలా వండుతున్నారండీ?" అని మొహం మీదే అనేవారు. బ్రోకర్ ఉంటే ఆ మాటలు వాడు పడేవాడు. ఇప్పుడు ఆవిడ పడింది.

చివరికి ఒక బస్సు కండక్టర్ భార్యతో కలిసి వచ్చాడు. అంతకుముందే సెలూన్‌లో తీరిగ్గా క్షవరం చేయించుకుని వెళ్ళినవాడే. రేడియో ధర చెప్పగానే, "వెనకగోడ నెమ్మెక్కుతుందన్నారు కదా" అని కొంత దించాడు. "నెలాఖరు దాటితే మీ బయానా పోతుందన్నారు కదా" అని మరికొంత దించాడు. తన మాటలే తనకు అప్పజెబుతున్నాడని రేడియోకి అప్పటికి వెలిగింది. మిగుల్చుకున్న కమిషన్‌కు ఎన్నో రెట్లు ఆ కాసేపట్లో ఊడ్చుకుపోయింది. అయినా పంటిబిగువున కాగితం మీద సంతకం పెట్టి అడ్వాన్సు తీసుకున్నాడు. ఫ్లాట్ దక్కింది, చాలనుకున్నాడు.

గుమ్మం దగ్గర కండక్టర్ భార్య ఇంటావిడ చెయ్యి పట్టుకుంది. "దిగులు పడకండి అక్కా. చూపు పూర్తిగా పోకముందే కొత్తింటికి మారిపోవడం మంచిదేలెండి. అన్నయ్యగారు మీ గురించి ఎంత ఏడ్చారో మా ఆయన చెప్పారు." వెటకారంగా కాదు, నిజంగా జాలిపడే అంది.

ఆవిడ "అలాగేనమ్మా" అని వాళ్ళని సాగనంపి, గడియ పెట్టి వచ్చింది.

"నిజమేనా?"

ఆయన తల ఊపాడు.

"ఎప్పట్నించి తెలుసు?"

"చలికాలం నించి."

"అయితే జుట్టు పెరిగిన ప్రతివాడికీ తెలుసన్నమాట. నాకు తప్ప."

"నువ్వు తట్టుకోలేవని... ఆ మెట్ల మీంచి పడిపోతావని భయమేసిందే."

"కరెంటు పోయినప్పుడు ఎన్నిసార్లు ఎక్కిదిగానండీ, ఎప్పుడైనా పడ్డానా? ఈ వంటింట్లో ఏ గిన్నె ఎక్కడుందో చూడకుండా తీస్తాను. చూపు పోయాక నేను ఒకరి చెయ్యి పట్టుకోకుండా బతకగలిగిన ఇల్లు ఇదొక్కటే. మోకాళ్ళ సాకు చెప్పకుండా నిజం చెప్పి అడిగుంటే అమ్మొద్దనేదాన్ని. బ్రోకర్ని పెట్టుకున్నా బావుండేది. మీ ఇంటావిడకి ఇష్టమేనా అని వాడైనా అడిగేవాడు."

ఆయన గబగబా చెప్పులేసుకున్నాడు. "ఇప్పుడే పోయి అడ్వాన్సు తిరిగిచ్చేస్తాను."

"సంతకం పెట్టాక వాళ్ళెందుకు ఒప్పుకుంటారు? వాళ్ళకీ ఇల్లు కావాలిగా."

ఆయన చెప్పులతోనే కూలబడ్డాడు. ఆవిడ చాలాసేపు ఏడ్చింది.

చివరికి ఆవిడే మొహం తుడుచుకుంది.

"రేపు దుకాణం మూసెయ్యండి. నన్నా కొత్తింటికి తీసుకెళ్ళండి. కనిపిస్తున్నప్పుడే ఒకసారి అంతా చూసుకుంటాను."