ఎరుపులో ఉన్నవాళ్ళు

ఆఫీసులో ఆమెకు పెట్టిన పేరు తొందర. కుర్చీలో కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు కాబట్టి ఆ పేరు అతికినట్టు సరిపోయింది. ఆ రోజైతే మరీ కాలుకాలిన పిల్లిలా తిరుగుతోంది. సీసా నిండా నీళ్ళు పట్టుకొస్తుంది, తాగదు. కూర్చుంటుంది, మళ్ళీ లేస్తుంది. తెర మీది అంకె మాత్రం ఎర్రగా అలాగే ఉంది.

ఆమె చూసుకునేది ఒక డయాలసిస్ కేంద్రం వెబ్‌సైట్. రోగులో, వాళ్ళ ఇంటివాళ్ళో ఆ సైటులో వచ్చే వారానికి డయాలసిస్ కుర్చీ బుక్ చేసుకోవాలి. పేజీ తెరుచుకున్న ప్రతిసారీ, ఎంతసేపు పట్టిందో వాళ్ళ ఫోనే ఆఫీసుకు కబురు పంపుతుంది. నూటికి డెబ్బై అయిదు మందికి రెండున్నర సెకన్లలోపు తెరుచుకుంటే అంకె ఆకుపచ్చ. నాలుగు దాటిందా, ఎరుపు. మొన్నటిదాకా ఆకుపచ్చగానే ఉండేది. పోయిన వారం తొందర ఆ పేజీలోని బరువైన బొమ్మల్నీ, ఎవరూ చూడని హంగుల్నీ పీకేసి తేలిక చేసింది. తేలిక చేస్తే వేగం పెరగాలి కదా. పెరగలేదు సరికదా, సెకన్ల అంకె పైకెక్కి కూర్చుంది.

"ఇల్లు బాగుచెయ్యమంటే పైకప్పు పీకేశావేంటమ్మా?" అన్నాడు మేనేజర్. "సాయంత్రం కేంద్రం యజమానులు వస్తున్నారు. ఎరుపు చూశారంటే కాంట్రాక్టు ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. తర్వాత నీకూ నాకూ ఇక్కడ పనుండదు."

ఆ కొలతలన్నీ చదివి చెప్పడానికి వాళ్ళ దగ్గరొక ఏఐ ఏజెంట్ ఉంది. మామూలు మాటల్లో అడిగితే చాలు, డేటా అంతా తవ్వి తెస్తుంది. తొందర గబగబా టైపు చేసింది: అంకె ఎందుకు పెరిగింది, ఎలా తగ్గించాలి?

"మీ మార్పు పెట్టిన రోజు నుంచి పెరిగింది. దాన్ని వెనక్కి తీస్తే పాత స్థాయికి రావచ్చు" అని జవాబొచ్చింది.

వెనక్కి తీసింది. మధ్యాహ్నానికల్లా అంకె దిగి ఆకుపచ్చగా మారింది. మేనేజర్ స్వయంగా కాఫీ తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. అయినా గెలిచిన మనిషికి ఉండాల్సిన నిమ్మళం ఆమెకు లేదు. బరువు పెంచితే వేగం పెరగడమేమిటి? ఈ ప్రశ్న కంట్లో నలుసులా గుచ్చుతూనే ఉంది. కాఫీ చల్లారిపోయింది.

అప్పుడే మేనత్త ఫోన్ చేసింది. ఆమె భర్తకు డయాలసిస్ జరిగేది ఆ కేంద్రంలోనే. వెనకాల బస్సు హారన్లు వినిపిస్తున్నాయి.

"ఎక్కడికెళ్తున్నావత్తా?"

"మీ మావయ్యకి కుర్చీ రాయించడానికి తల్లీ. కేంద్రానికే."

"ఫోన్లో చేసుకోవచ్చుగా!"

అత్త కొంచెం తటపటాయించింది. "ఇవాళ మళ్ళీ తెరుచుకోవట్లేదే. తెల్లగా ఉండిపోతోంది."

"మళ్ళీ అంటే?"

"మొదట్నుంచీ అంతేగా. నా ఫోను పాతది, మొరాయిస్తుంది. పోయిన వారం ఎందుకో తెరుచుకుంది. ఆలస్యమైతే అయిందిగానీ నేనే సొంతంగా బుక్ చేశానని మీ మావయ్య దగ్గర ఎన్ని గొప్పలు పోయానో!"

"ఇన్నాళ్ళూ నాతో ఎందుకనలేదు?"

"మా మేనకోడలు చేసిన పేజీ అని నలుగురికీ చెప్పుకుంటున్నాను. అది తెరుచుకోదని నీతోనే ఎలా అంటానే? బస్సే కదా, ఎక్కితే పోయె."

తొందరకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. పోయిన వారం తెరుచుకున్న పేజీ ఇవాళ తెరుచుకోకపోవడానికి కారణం పాత ఫోను కాదు, పొద్దున తను చేసిన పని.

"మళ్ళీ చేస్తానత్తా" అని పెట్టేసి, నిలబడే ఏజెంట్‌ను అడిగింది: పేజీ తెరుచుకోకముందే విసిగి వెళ్ళిపోయినవాళ్ళు ఈ అంకెలో ఉన్నారా?

"లేరు. తెరుచుకున్న ఫోన్ల నుంచే కొలత వస్తుంది. సర్వర్‌ను పేజీ అడిగినవాళ్ళ సంఖ్యతో పోల్చి, మిగిలినవాళ్ళెందరో అంచనా వేయగలను."

అంచనా వెయ్యమని చెప్పింది. బరువు పేజీ ఉన్నప్పుడు, వచ్చిన ముగ్గురిలో ఒకరు తెరుచుకోకుండానే వెళ్ళిపోయారు. తేలిక పేజీ ఉన్న వారంలో అలా పోయినవాళ్ళు దాదాపు లేరు. వాళ్ళంతా లోపలికి వచ్చారు, పాత ఫోన్లతో, నెమ్మదిగా. అందుకే అంకె పెరిగింది. మెట్లెక్కలేనివాళ్ళను కిందే వదిలేసి, పైకొచ్చినవాళ్ళు ఎంత చురుకో అని ఇన్నాళ్ళూ చప్పట్లు కొట్టుకున్నారన్నమాట! ఏజెంట్‌ను తప్పుపట్టి ఏం లాభం? అడిగిందానికి అది సరిగ్గానే చెప్పింది. ఈవిడకే అంకె మీద ఉన్న బెంగ మనుషుల మీద లేకపోయింది.

మేనేజర్‌ను అడిగితే వద్దంటాడని తెలుసు. అందుకే అడగలేదు. తేలిక పేజీని తిరిగి పెట్టేసి, అత్తకు ఫోన్ చేసింది.

"బస్సు దిగత్తా."

"దారిలో దిగమంటావేంటే! నీకు మతి పోయిందా?"

"దిగి, ఎక్కడైనా నీడన కూర్చుని, కాసేపాగి పేజీ తెరువు. ఆలస్యమైనా మూసెయ్యకు."

సాయంత్రానికి అంకె ఎక్కడం మొదలుపెట్టింది. మేనేజర్ పరుగున వచ్చాడు. "ఏంటిది? నా కొంప ముంచుతావా?"

"ఆకుపచ్చగా ఉన్నప్పుడు ముగ్గురిలో ఒకరు గుమ్మంలోంచే తిరిగి వెళ్ళిపోయారు సార్. ఇప్పుడు వస్తున్నారు. ఈ ఎరుపంతా వాళ్ళే. ఇదిగో, రెండు లెక్కలూ చూడండి."

"ఈ కథలు వాళ్ళకెక్కుతాయా? వాళ్ళు చూసేది రంగు."

"నేను చెప్తాను. ఎక్కకపోతే నా ఉద్యోగమేగా పోయేది."

"నాది కూడానమ్మా" అన్నాడతను, నుదురు తుడుచుకుంటూ.

తొందరకు భయంగానే ఉంది. బయట మెట్ల మీద యజమానుల మాటలు వినిపిస్తుండగా ఏజెంట్‌ను ఇంకొక్కటి అడిగింది: ఈ గంటలో అందరికంటే ఆలస్యంగా పేజీ తెరుచుకున్నది ఎంతసేపటికి?

"పదకొండు సెకన్లకు. చాలా పాత ఫోను. కుర్చీ బుక్ అయింది."

ఎవరిదో చెప్పలేదు, చెప్పే వీలూ లేదు. అత్త కావచ్చు, అత్తలాంటి ఇంకెవరైనా కావచ్చు. తొందర కళ్ళు చెమర్చాయి. మేనేజర్ వంగి ఆ జవాబు చదివాడు, ఇంకోసారి చదివాడు. వెళ్ళి తలుపు తీశాడు.

ఎర్ర అంకె ఉన్న తెరను వచ్చినవాళ్ళ వైపు తిప్పి, "ముందు దీని సంగతి చెప్తాను, కూర్చోండి" అంది తొందర.