వైస్ గారు నిలబడుతున్నారట

రత్నకుమారి మండలాధ్యక్ష పదవికి పోటీ చేస్తోందన్న సంగతి మండలమంతా తెలిశాక ఆఖరున రత్నకుమారికి తెలిసింది. అదీ చేపలమ్మే తాతమ్మ గంప దగ్గర. తాతమ్మ కొరమీను తోముతూ, తలెత్తకుండానే, నిలబడుతున్నారటగా వైస్ గారూ, ఈసారి మన మొగలిదిబ్బకు పదవి రావాలి, అంది. ఎవరు నిలబడేది, ఎక్కడ, అని రత్నకుమారి నిజంగానే అడిగింది. తాతమ్మ ముసిముసిగా నవ్వింది. నాయకులు అలాగే అంటారని ఆమెకు తెలియదా ఏమిటి.

దివిసీమ చివర, సముద్రపు గాలి తగిలే ఆ మండలానికి రత్నకుమారి ఉపాధ్యక్షురాలు. ఉపాధ్యక్షులు ఏం చేస్తారని అడక్కండి, ఆమెకూ సరిగ్గా తెలియదు. సమావేశాల్లో అధ్యక్షుడి పక్క కుర్చీలో కూర్చుంటారు. ఆయన రాని రోజున ఆ కుర్చీ కాస్త ముందుకు జరుపుకుంటారు.

పుకారు పుట్టింది మాత్రం ఆమె ఇంట్లోనే. కూతురు షీబాకు విషజ్వరం వచ్చి బందరు ఆసుపత్రిలో చావు తప్పి బయటపడింది. బిడ్డ దక్కితే కృతజ్ఞతా కూటం పెట్టి ఊరందరికీ భోజనం పెడతానని తల్లి మొక్కుకుంది, పెట్టింది. షామియానా వేశారు, చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదిలొచ్చాయి. అధ్యక్షుడు కోటేశ్వరరావు కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఆయన ఇలాంటి కూటాలకు మొహం చూపించి మొదటి పాటకే లేచి వెళ్ళే మనిషి. ఆ రోజు ఏం తోచిందో, ఉండిపోయాడు. పాస్టరు గారు రత్నకుమారి తల మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, ఈ బిడ్డను ఇంకా హెచ్చించు ప్రభువా, ఉన్నతమైన స్థానంలో నిలబెట్టు, అని ప్రార్థన చేశాడు. ఆయన గృహప్రవేశానికీ అదే ప్రార్థన చేస్తాడు, కొత్త ఆటో కొన్నా అదే చేస్తాడు. జనమంతా ఒక్క గొంతుతో ఆమెన్ అన్నారు. ఆ ఆమెన్ కోటేశ్వరరావు చెవికి ఓట్ల లెక్కలా వినపడింది. బిర్యానీ ముట్టకుండా కారెక్కాడు.

ఆయన భయానికి కారణం లేకపోలేదు. ఈసారి వాళ్ళిద్దరి పార్టీలో అభ్యర్థిని పెద్దలు తేల్చడం మానేశారు. మండలంలో కార్యకర్తలందరికీ ఫోన్లు వస్తాయి. ఫలానా వారు కావాలంటే ఒకటి నొక్కండి, ఫలానా వారైతే రెండు నొక్కండి, అంటుంది ఓ ఆడగొంతు. ఎక్కువమంది ఎవరిని నొక్కితే టిక్కెట్టు వాళ్ళది. ఇన్నాళ్ళూ రెండో నంబరుకు మనిషే లేడు. ఇప్పుడు దొరికిందని ఊరూవాడా అనుకుంటున్నారు.

నిజానికి రత్నకుమారికి కావలసింది పదవి కాదు, ఒక ఇనుప తలుపు. మొగలిదిబ్బ పొలాల మురుగు సముద్రంలోకి పోయేచోట తూముకుండే షట్టర్ అది. అడుగంతా తుప్పు తినేసింది. పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీరు మురుగుకాలవలోకి ఎగదన్నుతోంది. నిరుడు కాలవ పక్క చేలు మాడిపోయాయి. ఆ రైతులు పొలాలు రొయ్యల చెరువులకు ఇచ్చేసి ఊరు విడిచి వెళ్ళారు. ఈ అమావాస్య పోటు గనక చేలల్లోకి వచ్చిందంటే మిగిలిన ఊరిదీ అదే దారి. ఆమె భర్త ప్రకాశరావు మొన్ననే నాట్లు ఊడ్చిన చేను కూడా అందులోనే ఉంది.

ఆ తలుపు కోసం ఆమె ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. ఎవరూ కదల్లేదు. అలాంటిది, కూటం జరిగిన వారంలోనే ఇంజనీరు పరిగెత్తుకొచ్చాడు, టేపు పెట్టి కొలిచాడు, బందరు వర్క్‌షాపులో తలుపు తయారైపోయింది. ప్రభువు విన్నాడనుకుంది రత్నకుమారి. విన్నది కోటేశ్వరరావని ఆమెకు తట్టలేదు.

తయారైన తలుపు బందరు దాటలేదు. ఎప్పుడు బిగిస్తారండీ అని అడిగితే, పార్టీ పేరు తేలనివ్వండమ్మా, తర్వాత అన్నీ అవే అవుతాయి, అన్నాడు కోటేశ్వరరావు. అప్పుడు ఆమెకు అర్థమైంది. అర్థమైందనుకుంది, పిచ్చితల్లి. ఈ పాడు పుకారే తలుపుకు అడ్డం పడుతోంది, దాన్ని పోగొడితే తలుపు వస్తుంది.

ఇక మొదలుపెట్టింది. నేను నిలబడటం లేదని చర్చిలో చెప్పింది, రేషన్ షాపు దగ్గర చెప్పింది, బస్సులో పక్క సీటావిడకు చెప్పింది. చెప్పినకొద్దీ పుకారు బలిసింది. ఏమీ లేకపోతే ఇన్నిసార్లు ఎందుకు చెబుతుందని జనం. నాతోనైనా నిజం చెప్పొచ్చు కదా అని ఓ పూట అన్నం తింటూ మొగుడే అన్నాడు. ఆమె తినే కంచం వదిలేసి లేచిపోయింది.

అమావాస్య దగ్గర పడుతోంది. ఆమెకు నిద్ర పోయింది, ఆకలి పోయింది. గుడివాడ వెళ్ళి పార్టీ పెద్ద బసవయ్య గారి వరండాలో కూర్చుంది. జిల్లాలో పార్టీ టిక్కెట్లన్నీ ఒకప్పుడు ఆ వరండాలోనే తేలేవి.

"నేను పోటీలో లేనండీ బాబాయ్ గారూ. ఆ మాట మీరు కోటేశ్వరరావు గారితో చెబితే నమ్ముతారండి."

"సరేనమ్మా. నీకేం కావాలో అది చెప్పు. జిల్లా పరిషత్తు వైపేమన్నా చూడమంటావా?"

"తూముకి తలుపు కావాలండీ."

పెద్దాయన మజ్జిగ గ్లాసు కింద పెట్టి ఆమెకేసి చూశాడు. ఆ చూపులో జాలే ఉంది.

"తలుపు కావాలంటే ఇలా లేను లేనని తిరక్కూడదమ్మా. ఉన్నానని అనొద్దు, లేనని అనొద్దు. ఇంటికెళ్ళి ఊరుకో. మిగతాది ఆయన భయం చూసుకుంటది."

అబద్ధాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చోమంటున్నాడు ఈ ముసలాయన, అనుకుంది రత్నకుమారి. రాజకీయాల్లో ముదిరినవాళ్ళందరూ ఇంతేనని అసహ్యం వేసింది. దండం పెట్టి, పెడన మీదుగా వెళ్ళే బందరు బస్సెక్కింది.

వర్క్‌షాపు గోడకు ఆనించి ఉంది తలుపు. ఎర్రరంగు పూసి, బోల్టులు సంచిలో కట్టి, పై అంచుకు వేలాడదీశారు. ఆమె దాని మీద చెయ్యి వేసి నిలబడింది. ప్రెసిడెంటు గారు ఊఁ అంటే ఈ పూటే లారీ ఎక్కిస్తామండీ, అన్నాడు మేస్త్రీ. రత్నకుమారికి అక్కడే, వెల్డింగు చప్పుళ్ళ మధ్య, ఏడుపు ముంచుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుంది. షీబా మంచం పక్కన కూడా ఆమె అంతలా ఏడవలేదు.

మర్నాడు కల్యాణమండపంలో పార్టీ మండల సమావేశం. ఎవరూ పిలవకుండానే ఆమె మైకు అందుకుంది.

"నేను పోటీలో లేను. నా బిడ్డ షీబా మీద ఒట్టు. ఫోనొస్తే అందరూ ఒకటే నొక్కండి, కోటేశ్వరరావు గారికే నొక్కండి."

ఒట్టు పెట్టడం పాపమని చిన్నప్పటి నుంచీ విన్న మనిషి. బిడ్డ దక్కినందుకు ఊరికి అన్నం పెట్టి, ఆ బిడ్డ మీదే ఒట్టు పెట్టింది. కూటానికి వచ్చినవాళ్ళు తలలు దించుకున్నారు. అప్పుడు నమ్మారు అందరూ. కోటేశ్వరరావు కూడా నమ్మాడు. ఆమె అక్కడితో ఆగలేదు, ఇల్లిల్లూ తిరిగి ఎవరి మాటా వినని మొండిఘటాల చేత కూడా దగ్గరుండి ఒకటి నొక్కించింది.

పేరు తేలింది. కోటేశ్వరరావు తన మెళ్ళోని శాలువా తీసి ఆమెకు కప్పాడు. మీలాంటివాళ్ళు పార్టీకి ఉండాలమ్మా, రేపే లారీ పంపిస్తాను, అన్నాడు. ఆ రాత్రి ఆమె ఒళ్ళెరక్కుండా నిద్రపోయింది.

మర్నాడు లారీ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. కోటేశ్వరరావు ఫోను మోగి మోగి ఆగిపోయేది. ఇంజనీరు, నాకు తెలియదండీ, పైనుంచి చెప్పాలి, అన్నాడు. చివరికి ప్రకాశరావు సెంటరుకు వెళ్ళి కబురు మోసుకొచ్చాడు. లారీ వచ్చిందట, వారధి దాటి లంకమ్మపాలెం వైపు తిరిగిందట. అక్కడి తూమూ ఇదే కొలత, రెండూ ఒకే ఏడు కట్టారు. అక్కడి మండల పరిషత్తు సభ్యురాలు సువర్ణ కళ్ళజోడు కోసం గుడివాడ వెళ్ళి, బసవయ్య గారి వీధిలో ఎవరి కంటో పడింది. టిక్కెట్టు ఎవరికిచ్చినా ఆవిడ స్వతంత్రంగా నిలబడుతుందట, అంటున్నారు.

రత్నకుమారి గుమ్మంలోనే చతికిలబడింది. పుకారు తలుపుకు అడ్డం కాదు, పుకారే తలుపును చేయించింది. దాన్ని తన చేతులతోనే, తన బిడ్డ మీద ఒట్టు పెట్టి మరీ చంపుకుంది. తనను చూసి భయపడాల్సిన పని ఇప్పుడు ఈ భూమ్మీద ఎవరికీ లేదు.

అమావాస్య పొద్దున పోటు వచ్చింది. ఊరంతా గట్టు మీదే ఉంది. మట్టి నింపిన సంచులు తూము నోట్లో పడేస్తున్నారు, నీళ్ళు వాటిని పక్కకు తోసి వస్తున్నాయి. ప్రకాశరావు ఛాతీలోతు నీళ్ళలో దిగి సంచులు తొక్కుతున్నాడు. గట్టు మీదున్న రత్నకుమారి ఫోను మోగింది. సువర్ణ. ఏడుస్తోంది.

"అక్కా, నేను నిలబడటం లేదక్కా. ఎంత చెప్పినా ఎవరూ నమ్మట్లేదు. మా ఆయన కూడా అనుమానంగా చూస్తున్నాడు. నువ్వు చెబితే ప్రెసిడెంటు గారు నమ్ముతారు. నేనూ వచ్చి నీలాగే ఒట్టేస్తాను."

"మీ తూముకి తలుపు బిగించారా?"

"ఇంకా లేదక్కా. లారీ గట్టు మీదే ఉంది. క్రేను రేపు వస్తుందట."

సువర్ణ పోటీలో లేదని ఒక్క మాట కోటేశ్వరరావు చెవిన వేస్తే చాలు, ఆ లారీ అక్కడ నుంచి కదిలిపోతుంది. ఎటు పోతుందో తెలియదు, మొగలిదిబ్బకు మాత్రం రాదు. కింద ప్రకాశరావు తొక్కుతున్న సంచి పగిలింది. నీళ్ళు మురుగుకాలవ దాటి, మొన్న ఊడ్చిన చేలో మొదటి వరస దుబ్బుల్లోకి చేరాయి. రత్నకుమారి అటే చూస్తూ మాట్లాడింది.

"సువర్ణా, నా మాట విను. ఇంట్లోకి పోయి తలుపేసుకో. ఎవరు అడిగినా నవ్వి ఊరుకో. ఆఖరి బోల్టు బిగించేదాకా లేనని మాత్రం అనకు."