ఎడమ పక్క చీకటి

మా ఆయన రామమోహనరావుగారికి రష్యా అన్న మాట చెవిన పడితే చాలు, ఒళ్లు తెలియదు. భిలాయిలో మావాళ్లందరికీ ఉన్న జబ్బే అది. ఉక్కు ప్లాంటులో కొలిమి రష్యా వాళ్లది, క్రేను రష్యా వాళ్లది, చివరికి ఇంట్లో ఇస్త్రీ పెట్టె కూడా దేశం తిరిగి వెళుతూ వాళ్లెవరో ఇచ్చిపోయిందే. రష్యా సరుకుకి తిరుగులేదని ఆయన నమ్మకం. ఆ ఇస్త్రీ పెట్టె షాకు కొట్టింది ఆయనకి కాదు, నాకు. అందుకని ఆ నమ్మకానికి ఏ లోటూ రాలేదు.

డెబ్భై ఎనిమిది చలికాలంలో మా పాత అంబాసిడర్ దీపాలు బొత్తిగా మసకబారాయి. లోపలి మెరుపు పూత నల్లబడిపోయి, వెలిగిస్తే రోడ్డు మీద పసుపు నీళ్లు చల్లినట్టుండేది. ఓ సాయంత్రం జాముల్ రోడ్డు మీద ఎవరిదో సైకిలు హ్యాండిలుని రాసుకుంటూ పోయాం. ఆ మనిషి తిట్టిన తిట్లకి నేనేం బాధపడలేదు. నా భయం వేరు. మా తమ్ముడు బలరాం జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. డ్యూటీ దిగి, నల్ల దుప్పటి కప్పుకుని, లైటు లేని సైకిలు మీద అదే రోడ్డున సెక్టర్ ఆరులోని మా క్వార్టరుకి వస్తాడు. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేనే. కొత్త దీపాలు వేయించేదాకా చీకటి పడ్డాక కారు తియ్యడానికి వీల్లేదని ఖరాఖండిగా చెప్పేశాను.

పవర్ హౌస్ బజారుకి ఇద్దరం వెళ్లాం. కారు సామాన్ల షాపు సర్దార్జీ రెండు రకాలు చూపించాడు. ఒకదాని పూత రుద్దితే వేలికే అంటుకుంది. రెండోది మందపాటి గాజు, చుట్టూ నీళ్లు దూరకుండా గట్టి రబ్బరు, మన దేశపు సరుకే. ఇదే తీసుకుందామన్నాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, ఆలోచిద్దాం అన్నారు. అలా అన్నారంటే మనసు మరెక్కడో ఉందని అర్థం. ఉన్నది పక్క క్వార్టర్ల లైనులో, భుజంగరావుగారింట్లో. రష్యా ఇంజనీరు ఒకాయన తన కారు కోసం తెప్పించుకుని, వాడకుండానే వదిలి వెళ్లిన జత ఆయన దగ్గరుంది. కొలత కూడా మా బండికి అతికినట్టు సరిపోయింది.

ఆ రష్యా జత బిగించిన రోజు సాయంత్రం కారుని కాంపౌండు గోడకి ఎదురుగా పెట్టి వెలిగించారు. లైనంతా బయటికొచ్చి చూసింది. గోడ తెల్లగా మెరిసిపోయింది. అబద్ధమెందుకు, నాకూ ముచ్చటేసింది.

మర్నాడు జాముల్‌లో మాకు తెలిసిన గౌరీదేవిగారి మనవరాలి బారసాలకి వెళ్లి వస్తుంటే దారిలోనే చీకటి పడింది. బలరాం డ్యూటీ దిగి వచ్చే వేళ. మా ఆయన ఈల వేసుకుంటూ నడుపుతున్నారు. ఎదురొచ్చే లారీలవాళ్లు లైట్లు కొట్టి కొట్టి మరీ తిడుతున్నారు. డిమ్ములోనే పెట్టాను కదా, మన లైట్లు చూసి కుళ్లుకుంటున్నారు అని ఆయన నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. నేను కూర్చున్నది ఎడమ పక్క. కుడి వైపు చెట్ల మొదళ్లకి కొట్టిన సున్నం చారలు కూడా స్పష్టంగా ఉన్నాయి. నా వైపు మాత్రం రోడ్డు అంచు కాస్త దూరం కనిపించి, ఆపైన మాయమైపోతోంది. ఇటు ఏమీ కనిపించడం లేదండీ అన్నాను. అంతా నీ భయమేనన్నారు. మళ్లీ చెప్పాను. మళ్లీ అదే జవాబు. ఆ చీకట్లో ఎక్కడ చూసినా మా తమ్ముడే ఉన్నట్టు అనిపించింది.

"కారాపండి," అన్నాను. "నేను నడిచొచ్చేస్తాను."

ఏటే నీ గోల అని విసుక్కుంటూ వేగం తగ్గించారు. అదే మేలైంది. ఒక వెనక చక్రం, దాని పైన నల్ల దుప్పటి, ఉన్నట్టుండి బానెట్ పక్కనే ప్రత్యక్షమయ్యాయి. బ్రేకు కీచుమంది. కారు తగిలి సైకిలు పక్కన మట్టిలోకి ఒరిగిపోయింది.

దుప్పటి దులుపుకుంటూ లేచింది బలరామే. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. వాడి మొహం రెండు చేతులా పట్టుకుని భోరుమన్నాను. వాడు నన్ను కాదు, మా ఆయన్ని చూస్తున్నాడు.

"ఏటి బావా, నాను అగుపడనేదా?"

ఆయన కారు ముందుకి వెళ్లి నిలబడ్డారు. వెలుగు కుడి పక్కన పైకి ఎగబాకి అవతలి చెట్ల కొమ్మల్ని అందుకుంటోంది. ఎడమ పక్కన నేలబారుగా ఆగిపోయింది.

"వాళ్ల దేశంలో బండ్లు కుడి పక్కన నడుస్తాయి," అన్నారు చివరికి. "ఈ గాజు మీద గీతలు వాళ్ల రోడ్డు కోసం గీసినవి. మనకి అటూ ఇటూ తారుమారు. ఇంజనీరునయ్యుండీ చూసుకోలేదు."

మర్నాడు సర్దార్జీ దగ్గర నేను చెప్పిన జతే తెచ్చి బిగించారు. ఈసారి గోడ జోలికి పోలేదు. పొద్దుగూకాక, క్వార్టర్ల వెనక వీధి దీపాలు లేని మట్టి దారికి కారు తీసుకెళ్లారు. నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, తను బలరాం దుప్పటి తల మీదుగా కప్పుకుని, దారికి ఎడమ అంచునే నడుచుకుంటూ పోయి దూరాన నిలబడ్డారు.

"కనిపిస్తున్నానా?"

చెప్పుల దగ్గర్నుంచి నెత్తి దాకా కనిపించారు. అయినా నాకది చాలలేదు. ఇంకా ఎడమకి జరగండి అని అరిచాను. ఎందుకని అడగలేదు. నాకు తెలిసి మా పెళ్లయ్యాక అదే మొదటిసారి. తుప్పల్లోకి దిగి, మోకాళ్ల దాకా ముళ్లలో నిలబడి, మళ్లీ అదే మాట అడిగారు.

కనిపిస్తున్నారండీ అని చెప్పడానికి గట్టిగా హారన్ కొట్టాను.