చుక్కాని మనిషి గొంతు

ఉత్తరాలు పంపింది చిన్న రైటరే. కాబట్టి తప్పెవరిదని వెతుక్కునే శ్రమ ఎవరికీ లేకుండా పోయింది.

ముప్పై ఎనిమిదేళ్ళ కిందట టీవీలో మొదలై నాలుగేళ్ళపాటు వారం వారం వచ్చిన 'ఏడో కక్ష్య' సీరియల్‌ని ఆ స్టూడియోవాళ్ళు ఇప్పుడు ఆడియో నాటకంగా మళ్ళీ చేస్తున్నారు. అంతరిక్షంలో దారి తప్పిన ఓ ఓడ, అందులో ఆరుగురు, వారానికో గండం. కథంతా అంతే. అప్పట్లో అట్టపెట్టెలకి వెండిరంగు కాగితం అంటించి ఓడ కట్టారు. తలుపు తెరిచినప్పుడల్లా గోడ ఊగేది. దాన్ని నోరు వెళ్ళబెట్టుకుని చూసిన పిల్లల్లో ఒకడు పెరిగి డైరెక్టరయ్యాడు. "ఆ గోడ ఒక్కటీ కనపడకుండా పోతే చాలు, ఆ కథకి తిరుగులేదు" అని ఆయన నమ్మకం. అందుకే వినడానికి మాత్రమే చేస్తున్నాడు.

చిన్న రైటరు పని పాత టీవీ స్క్రిప్టులని చెవికి సరిపోయేలా తిరగరాయడం. వాళ్ళింట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి ఆమే. ఆ కారణానో ఏమో, ఏ కాగితాన్నయినా రెండుసార్లు చదివేది, సంతకం పెట్టేముందు మూడోసారి చదివేది. "పాత నటుల్లో ఉన్నవాళ్ళందరినీ పిలుద్దాం" అని డైరెక్టరంటే, స్క్రిప్టులన్నీ ముందేసుకుని ఏ పాత్ర పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టింది. కెప్టెన్ తర్వాత ఎక్కువసార్లు వచ్చిన పేరు 'చుక్కాని'. ఓడ నడిపే ఆడమనిషి. పేజీకి రెండు మూడుసార్లు తగిలేది. వెంటనే ఆ నటి చిరునామా సంపాదించి, "ఆనాటి మీ పాత్రకు ఈనాడు మీ గొంతు ఇవ్వవలసిందిగా మనవి" అని రాసి పంపింది.

సీరియల్ వచ్చేనాటికి చిన్న రైటరు పుట్టలేదు. కాబట్టి 'చుక్కాని చూస్తుంది', 'చుక్కాని మీట లాగుతుంది', 'చుక్కాని కిటికీ దగ్గర నిలబడుతుంది' అన్న ముక్కల మధ్య, నాలుగేళ్ళ స్క్రిప్టుల్లో ఎక్కడా 'చుక్కాని అంటుంది' అన్నది లేదన్న సంగతి ఆమెకి తట్టలేదు. మూడుసార్లు చదివినా ఉన్నదే కనపడుతుంది కానీ లేనిది కనపడదు కదా.

ఉత్తరం అందుకున్న పెద్దావిడ రమ్మన్న రోజుకి, రమ్మన్న టైముకి అరగంట ముందే వచ్చింది. డెబ్భైకి ఒకటి రెండు తక్కువ వయసు. మెడకి మెత్తటి మఫ్లరు, చేతిలో వేణ్ణీళ్ళ ఫ్లాస్కు, సంచీలో మడత నలగని ఉత్తరం.

"నువ్వేనా అమ్మాయ్ రాసింది? దస్తూరీ ముత్యాల్లా ఉంది. నాలుగు రోజుల్నించీ ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు, గొంతు దాచుకుందామని. మా కోడలు, ఈవిడకేదో కోపమొచ్చిందనుకుని ఇల్లంతా రెండుసార్లు తుడిచింది" అని నవ్వి, "నా పేజీలేవీ?" అంది.

"తెస్తానండీ, కూర్చోండి" అని లోపలికెళ్ళిన చిన్న రైటరు డైరెక్టరు ముందు నిలబడింది. ఆయన అద్దం అవతల కూర్చున్న పెద్దావిడని చూశాడు. మొహం వెలిగింది. ఆ వెంటనే నల్లబడింది.

"చుక్కానిని పిలిచావా?"

"మీరు అందర్నీ అన్నారు కదండీ."

"అందర్నీ అంటే మాట్లాడేవాళ్ళనమ్మా! ఆవిడ మాట్లాడదు కదా!"

"ఇప్పుడే మాట్లాడారండీ. బాగానే మాట్లాడారు."

"ఆవిడ కాదు, పాత్ర! పాత్ర మాట్లాడదు!"

"మూగపాత్రా అండీ?"

డైరెక్టరు బుర్ర గోక్కున్నాడు. "మూగదని ఎప్పుడూ చెప్పలేదు. మాట్లాడదు, అంతే. చూస్తుంది. ఆ కళ్ళు... నీకెలా చెప్పాలి? వారమంతా ఆ కళ్ళ కోసం ఎదురుచూసేవాళ్ళం. కళ్ళని ఆడియోలో ఎక్కడ పెడతాం తల్లీ? నువ్వు పిలిచావు కాబట్టి నువ్వే వెళ్ళి చెప్పు, పొరపాటైందని. మర్యాదగా చెప్పు. మధ్యాహ్నం రికార్డింగు లోపల చెప్పెయ్."

చిన్న రైటరు బయటికొచ్చింది. పెద్దావిడ ఉత్తరాన్ని ఒళ్ళో పరుచుకుని 'మీ గొంతు' అన్న మాటల కింద పెన్సిలుతో గీత గీసి ఉంచుకుంది. అది చూశాక చిన్న రైటరు, "ఇంకో పది నిమిషాలండీ" అని అబద్ధమాడి పక్కగదిలోకి పోయింది.

పక్కగది చప్పుళ్ళ మావయ్యది. నాటకానికి కావాల్సిన శబ్దాలన్నీ చేతుల్తో చేసే మనిషి. పాత బీరువా కీలుతో ఓడ మీట లాగుతాడు, కంకర పోసిన ట్రేలో బూట్లతో నడిచి పరాయి గ్రహం చూపిస్తాడు. స్టూడియోలో చిన్నాపెద్దా అందరికీ ఆయన మావయ్యే.

"మావయ్యా, మనిషి చూసిందని వినేవాళ్ళకి ఎలా తెలుస్తుంది? చూపుకి ఏదైనా చప్పుడుంటుందా?"

"చూపుకి చప్పుడే ఉంటే, మీ అత్త వంటింట్లోంచి చూసే చూపులకి నాకు ఈపాటికి చెవుడొచ్చుండేది."

"నవ్వకు మావయ్యా, ఆవిణ్ణి వెనక్కి పంపించెయ్యమంటున్నారు. పిలిచింది నేను."

మావయ్య నవ్వాపి తన వంతు ప్రయత్నం చేశాడు. పెద్దావిడ నడకకని పట్టుబట్ట రాపిడి వినిపించాడు. ఎవరో కిటికీ తుడుస్తున్నట్టుంది. ఊపిరి తీయించి పెడదామన్నాడు. పెట్టిచూస్తే ఓడలో ఇంకెవరో దాక్కున్నట్టుంది. చేతికి గాజులుంటే ఎలా ఉంటుందన్నాడు. ఓడ నడిపే మనిషికి గాజులేమిటని ఆయనే మళ్ళీ వద్దన్నాడు. గంట గడిచింది. మాట్లాడని మనిషి ఉన్నట్టా, లేనట్టా? చెవికి సంబంధించినంతవరకూ మాట్లాడని మనిషికీ, లేని మనిషికీ తేడా ఏమిటి? డిగ్రీలో ఎవరూ చెప్పని పాఠం ఇది. ఆలోచించినకొద్దీ చిన్న రైటరుకి తల తిరిగిపోయింది. అసలు ఈ ప్రశ్న సరైనదో కాదో కూడా ఆమెకి అర్థం కాలేదు.

మధ్యాహ్నం కెప్టెన్ గారొచ్చారు. పాత సీరియల్లో కెప్టెన్ వేసిన ఆయనే. డెబ్భై అయిదు దాటాయి, గొంతు మాత్రం ఇంకా ఖంగున మోగుతోంది. మోగడమే కానీ సీను పండడం లేదు. డైలాగులన్నీ వార్తలు చదివినట్టు గడగడా చదివేస్తున్నారు.

"కాస్త ఆగండి సార్" అని డైరెక్టరు నాలుగోసారి అన్నాడు.

"ఎవరికోసం ఆగాలయ్యా? ఎదురుగా గోడేగా ఉంది!"

ఆ మాట వినగానే చిన్న రైటరు ఎవర్నీ అడక్కుండా వెళ్ళి, పెద్దావిణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఆయనకెదురుగా మైకు అవతల నిలబెట్టింది. కెప్టెన్ గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"చుక్కానీ! నువ్వా?"

పెద్దావిడ గొంతు దాచుకుంటున్న మనిషి కదా, తల మాత్రం ఊపింది. గడ్డం రవ్వంత పైకెత్తి ఆయన్ని చూసింది. డైరెక్టరు అద్దానికి మొహం ఆనించాడు.

సీను మళ్ళీ మొదలైంది. ప్రతి వారం చివర్లో వచ్చే ముక్కే అది. గండం గడిచాక కెప్టెన్ చుక్కాని వైపు తిరిగి "చుక్కానీ, వెళ్దామా?" అని అడిగి, "పదండి!" అని అందరికీ చెబుతాడు. ఓడ బయల్దేరుతుంది. ఈసారి "వెళ్దామా?" తర్వాత కెప్టెన్ గారు ఆగారు. అంత ఖంగుమనే మనిషీ ఆ కళ్ళ ముందు తగ్గి, గుటక వేసి, అప్పుడు మెల్లగా "పదండి" అన్నారు. ఆ ఆగిన చోట ఎవరో ఉన్నారని చెవులకి తెలిసింది.

"దొరికింది!" అని డైరెక్టరు గెంతాడు. "ఆవిడ ఉండాలి! ప్రతి రికార్డింగుకీ ఉండాలి! ఊరికే అలా నిలబడితే చాలు!"

చిన్న రైటరు ప్రాణం లేచొచ్చింది. పరిగెత్తుకెళ్ళి చెప్పింది. "ప్రతి రికార్డింగుకీ రమ్మంటున్నారండీ! మీరు ఉంటున్నారు!"

పెద్దావిడ ఫ్లాస్కు మూత బిగిస్తోంది. "ఉండి?"

"కెప్టెన్ గారికెదురుగా నిలబడతారు. మీరుంటే ఆయన..."

"నిలబడ్డమేనా?"

చిన్న రైటరు అవునన్నట్టు తలూపింది. పెద్దావిడ కోప్పడలేదు. కోప్పడితే బావుండేదనిపించింది.

"చూడమ్మాయ్, నాలుగేళ్ళు నిలబడ్డాను. వారం వారం వెళ్ళి అప్పటి రైటరుగార్ని అడిగేదాన్ని, ఒక్క మాట రాయండని. 'వచ్చే వారం చూద్దామమ్మా' అనేవాడు. మా చుట్టాలందరూ నా గొంతు కాకి గొంతనుకున్నారు, అందుకే మాట్లాడనివ్వలేదని. నీ ఉత్తరం వచ్చినప్పుడు ఏమనుకున్నానో తెలుసా? రేడియో కదా, వినేదే కదా, ఇందులోనైనా మాట ఇవ్వక తప్పదు వీళ్ళకి అనుకున్నాను." ఉత్తరం మడిచి సంచీలో పెట్టుకుంది. "ఆడియోలో కూడా నోరు మూసుకుని నిలబడే వేషం ఉంటుందని ఎవరనుకుంటారు చెప్పు? ఉద్యోగం చూపించినట్టే చూపించి కుర్చీ తుడవమన్నట్టుంది. నేను రాలేనులే."

చిన్న రైటరు డైరెక్టరు దగ్గరికెళ్ళింది.

"ఆవిడకి డైలాగు కావాలండీ. లేకపోతే వెళ్ళిపోతారు."

"డైలాగా? చుక్కానికా? నీకు మతిపోయిందా? జనం ఆవిణ్ణి ప్రేమించింది మాట్లాడదనేనమ్మా!"

"జనం సరేనండీ. ఆవిడ?"

డైరెక్టరు కుర్చీలో కూలబడ్డాడు. ఆయనకీ అయోమయంగానే ఉంది. మాట ఇస్తే చుక్కాని చుక్కాని కాకుండా పోతుంది, ఇవ్వకపోతే చుక్కానే పోతుంది. చివరికి "ఒక్కసారి. ఒకే ఒక్కసారి రికార్డు చేస్తాను. బాగోకపోతే తీసి పారేస్తాను. ఆ మాట ముందే ఆవిడకి చెప్పు" అన్నాడు.

చిన్న రైటరు ఆ మాట ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పింది. పెద్దావిడ ఒప్పుకుని, మళ్ళీ మఫ్లరు సర్దుకుంది. అసలు చిక్కు అప్పుడొచ్చిపడింది. ఏం రాయాలి? నాలుగేళ్ళు నోరు విప్పని మనిషి మొదటిసారి ఏమంటుంది? 'సరే కెప్టెన్' అని రాసి కొట్టేసింది. 'బయల్దేరుతున్నాం' అని రాసింది, అది మీట చెప్పే మాటే కదా అని కొట్టేసింది. ఏదో చుక్కల గురించి నాలుగు వాక్యాలు రాసి, చదువుకుని సిగ్గుపడింది. చివరికి ఏ కాగితమూ సగంలో వదలని ఆ పిల్ల 'చుక్కాని' అని రాసి, పక్కన ఒక గీత గీసి, ఆ పేజీ అలాగే తీసుకెళ్ళి ఇచ్చేసింది.

"నాకు తెలియడం లేదండీ. మీరు అక్కడ నాలుగేళ్ళున్నారు. మీరే అనండి."

పెద్దావిడ ఆ ఖాళీగీతని ఎంతసేపు చూసిందో.

కెప్టెన్ గారికి, చుక్కాని ఏదో అంటుందని మాత్రమే చెప్పారు. ఎర్రలైటు వెలిగింది. మావయ్య పక్కగదిలో బీరువా కీలు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"చుక్కానీ, వెళ్దామా?"

పెద్దావిడ గొంతు కాకి గొంతేమీ కాదు. కొంచెం బరువైన, మామూలు గొంతు. ఇంట్లో ఎవరైనా గొడుగు మర్చిపోతే వెనక్కి పిలిచేలాంటి గొంతు.

"వద్దు" అంది. "ముందు ఎక్కడికో చెప్పండి."

కెప్టెన్ గారు పేజీలోకి చూశారు. కింద 'పదండి!' అని ఉంది, అంతే. పేజీ తిప్పారు. ఎక్కడికన్నది అక్కడా లేదు. నాలుగేళ్ళ స్క్రిప్టుల్లో ఎక్కడా లేదని ఆయనకీ తెలుసు.

"ఎక్కడికంటే..." అన్నారు. ఆ ఖంగుమనే గొంతు సన్నబడింది. "ఇంటికి."

"ఆ దారి మీకు తెలుసా?"

"తెలీదు."

"మరి ఇన్నాళ్ళూ 'పదండి' అన్నారేం?"

"మీరెవరూ అడగలేదుగా."

"మీరు ఆగలేదుగా."

చిన్న రైటరు డైరెక్టరు చేతి వైపు చూసింది. ఆపే బటను మీద ఉన్న వేలు అక్కడే ఉంది, నొక్కడం లేదు. ఆమె చేతిలో వచ్చే వారానివి ఇంకో పదకొండు సీన్లున్నాయి, సీనుకో పేజీ. వాటన్నిటిలోనూ ఓడ వెళ్ళిపోయి ఉంది. పక్కగదిలోంచి మావయ్య తల బయటపెట్టి, లాగాలా వద్దా అన్నట్టు కనుబొమలెగరేశాడు.

"ఇది బావుందా, బాలేదా?" డైరెక్టరు గుసగుసగా అడిగాడు. "నాకేం అర్థం కావడం లేదు."

"నాకూ కావడం లేదండీ."

"తర్వాతి సీన్లో ఏముంది?"

"వేరే గ్రహం మీద దిగిపోయారండీ."

"ఎలా దిగారు? ఇంకా బయల్దేరందే!"

"అవునండీ" అని, చిన్న రైటరు ఆ పదకొండు పేజీలనీ తిరగేసి, వెనకవైపు తెల్లగా ఉన్నచోట, అద్దం అవతల ఆ ఇద్దరూ ఆపకుండా అంటున్న మాటల్ని గబగబా రాసుకోవడం మొదలుపెట్టింది.