ఫొర్జూర్ వేసిన కుర్చీలు

ఫొర్జూర్ మరో కుర్చీని వరుసలో సర్ది, మోకాలితో కాస్త వెనక్కి నెట్టాడు. ఎజిసు ఊళ్లో శనివారమంటే అంత్యక్రియలు, అంత్యక్రియలంటే అతని యజమానురాలు సర్ఫోవా అద్దెకిచ్చే కుర్చీలు. పందొమ్మిదేళ్లుగా వాటిని మోసి అతని భుజాలు కాయలు కాశాయి.

చేతులు పని చేస్తున్నా చూపు మాత్రం డప్పుల వైపే పోతోంది. ఎర్రగుడ్డలు కట్టుకున్న ఇద్దరు వాటిని బిగిస్తున్నారు. పెద్ద డప్పు మోగితే అతని కాళ్ల కింద నేల ఒరిగిపోతుంది. ఆరు నెలలుగా ఇంతే. కనుగుడ్డు పక్కకు తిప్పినా తలలో గరగరమని వినపడుతుంది. ఈ మాట ఎవరితో అంటాడు? పిచ్చివాడంటారు. తాగుబోతని ఎలాగూ అంటున్నారు.

మొదటి దెబ్బ పడింది. కుర్చీలు, జనం, ఆకాశం ఒక్కసారిగా పక్కకు జారాయి. అతను మోకాళ్ల మీద కూలాడు.

"పొద్దున్నే పట్టించావా?" సర్ఫోవా అరిచింది. "శవం లేవకముందే నువ్వు పడ్డావేంట్రా! ఇంకోసారి పడ్డావో, పనిలోంచి తీసేస్తా."

"చుక్క ముట్టలేదమ్మా."

చనిపోయినామె బంధువు ఒకావిడ, నల్లబట్టల్లో ఉన్నావిడ, వచ్చి అతని ముందు కూర్చుంది. పేరు అగ్యేయివా, కుమాసి పట్నంలో చెవి డాక్టరు. డప్పు మోగినప్పుడల్లా అతని కళ్లు అదరడం ఆమె చూసింది. దూరంగా తన కారు దగ్గరకు నడిపించుకెళ్లి, చెవి పరీక్షకు వాడే రెండు కొమ్ముల శ్రుతిదండాన్ని సంచిలోంచి తీసి మోగించి అతని చీలమండకు ఆనించింది.

"ఎక్కడ వినపడుతోంది?"

"ఎడమ చెవిలో. కాలికి కదా పెట్టారు డాక్టరమ్మా!"

"లోపలి చెవిని కప్పే ఎముకలో చిన్న రంధ్రం పడినట్టుంది. స్కాన్ తీద్దాం. అదే అయితే ఆపరేషన్ చేసి పూడుస్తాం."

"చెవి పోదు కదా?"

"కొందరికి పోతుంది. ఎక్కువమందికి నిలుస్తుంది."

తర్వాత అతన్ని వెనక్కి తీసుకొచ్చి, సర్ఫోవాతో నలుగురికీ వినపడేలా అంది: "ఇతను తాగలేదు పెద్దమ్మా. జబ్బు."

ఫొర్జూర్ ఎడమ చెవిని అరచేత్తో కప్పుకున్నాడు. వెళ్తే చెవి పోతుందేమో. వెళ్లకపోతే కాళ్ల కింద నేల నిలవదు.

"వచ్చే శనివారం నా చోట ఎవరమ్మా?" సర్ఫోవాను అడిగాడు.

"ముందు నువ్వు నిలబడరా. కుర్చీలదేముంది, వేసినచోట నిలబడతాయి."

మధ్యాహ్నం ఫొర్జూర్ డాక్టరమ్మ కారెక్కాడు. చెవి మీద నుంచి చెయ్యి తియ్యలేదు. డప్పుల హోరులో కారు కదలడం ఎవరూ గమనించలేదు.

ఇన్నేళ్లలో తాను వేసిన ఏ కుర్చీలోనూ అతను కూర్చోలేదు. ఆ రోజు చోటు చాలక జనం ఎండలో నిలబడ్డా, ముందు వరుస చివరి కుర్చీలో మాత్రం, అది ఫొర్జూర్‌దంటూ, సర్ఫోవా ఎవరినీ కూర్చోనివ్వలేదు. దాని మీద ఒక అన్నం పొట్లం, పక్కన చెమట పట్టిన నీళ్ల ప్యాకెట్టు.